పిడుగుల మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం ఎవరిస్తారు?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయింది. మొన్న నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది. మాకు పాఠాలు చెప్పిన ఒక ప్రొఫెసర్ గారు వాతావరణ విద్యుత్తు, రేడియో తరంగాల మీద పనిచేస్తారు. "నా దగ్గర చేరమ్మా" అన్నారు. ఆయన రిటైర్మెంటుకి నాలుగేళ్లుంది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా మావయ్య మాత్రం "పిడుగుల మీద చదివితే ఉద్యోగం ఎవరిస్తారే? మూడు నెలలు కోర్సు చెయ్యి, నేను రిఫర్ చేస్తా" అంటున్నాడు. నాన్న వ్యవసాయం చేస్తాడు. ఆయన ఏమీ అనడం లేదు గానీ "ఆ చదువు ఎన్నేళ్లు పడుతుంది?" అని రెండుసార్లు అడిగాడు. నాకు సబ్జెక్టు ఇష్టం. కానీ చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?
- ఒక పాఠకురాలు, పార్వతీపురం మన్యం జిల్లా

అమ్మా,

మీ మావయ్య సంగతికి తర్వాత వస్తాను. ముందు మీ నాన్నగారికి జవాబు చెప్పాలి. రెండుసార్లు అడిగారంటే ఆయన వద్దనడం లేదు, లెక్క వేసుకుంటున్నారు.

యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి తక్కువలో తక్కువ మూడేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్లు. ఆ పైన కావాలంటే మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి, ఆడపిల్లలకి అదనంగా రెండేళ్ల వెసులుబాటు కూడా ఉంది. అది కాగితం మీది మాట. ఈ సబ్జెక్టులో నేను చూసినవాళ్లలో ఎక్కువమంది ఐదు, ఐదున్నర దగ్గర తేలారు. వాళ్లేమీ బద్ధకస్తులు కారు. ల్యాబ్‌లో ప్రయోగం చెడితే రేపు పొద్దున్న మళ్లీ చెయ్యొచ్చు. ఇక్కడ ప్రయోగం చేసేది మేఘం. ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల వానలు పడే రోజుల్లో నీ పరికరం మూలన పడిందంటే, ఆ సీజన్ పోయినట్టే. వ్యవసాయం చేసే ఆయనకి ఈ ముక్క నువ్వు విడమరిచి చెప్పనక్కర్లేదు.

నాకు అలా ఒక సీజన్ పోయింది. సాలీడు వల్ల.

మబ్బు లేని రోజున కూడా నేల దగ్గర గాలిలో మీటరుకి దాదాపు 100 వోల్టుల విద్యుత్ క్షేత్రం ఉంటుందని నీకు తెలిసే ఉంటుంది. వోల్టులు అంత ఉన్నా కరెంటు మాత్రం బహు స్వల్పం, చదరపు మీటరుకి ఆంపియరులో లక్షకోట్ల వంతులు ఒకటో రెండో. కాబట్టి కొలిచే తీగని కట్టిన ఇన్సులేటరు ఏ మాత్రం లీకైనా రీడింగు పడిపోతుంది. మా డాబా మీద రెండు స్తంభాల మధ్య అలాంటి తీగ కట్టాం. రోజూ తెల్లవారుజామున వోల్టేజి జారిపోయి, తొమ్మిదింటికల్లా మళ్లీ లేచేది. నెల రోజులు వరసగా అదే తీరు. సూర్యోదయంతో ముడిపడ్డ కొత్త సంగతేదో చేతికి చిక్కిందని మురిసిపోయి, సగం పేపరు కూడా రాసేశాను. ఒకరోజు నిద్ర పట్టక ఐదింటికే డాబా ఎక్కాను. తీగకీ స్తంభానికీ మధ్య సాలెగూడు, దాని నిండా మంచుబొట్లు. ఎండెక్కితే ఆరిపోతోంది, రీడింగు లేస్తోంది. అప్పటికి మే నెల దాటిపోయింది. ఆ తర్వాత మా ల్యాబ్ సామాన్ల లిస్టులో చీపురు కూడా చేరింది.

ఇదెందుకు చెప్పానంటే, ఈ వృత్తిలో ముప్పాతిక వంతు ఇదే. నీకు సబ్జెక్టు ఇష్టమన్నావు. ఈక్వేషన్లు ఇష్టమా, డాబా ఎక్కడం కూడా ఇష్టమా? రెండోది లేకపోతే సిద్ధాంతమో, కంప్యూటర్ మోడలో చూసుకోవచ్చు, అదీ గౌరవమైన పనే. కానీ మీ సార్ దగ్గర ఉన్నది పరికరాల పని అయితే ముందే తేల్చుకో.

ఇక డబ్బు. జేఆర్ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకి 37,000. రెండేళ్ల తర్వాత నీ పని చూసి ఎస్ఆర్ఎఫ్‌గా (సీనియర్ ఫెలోషిప్‌గా) మారిస్తే 42,000. హాస్టల్ ఇవ్వకపోతే ఇంటి అద్దె భత్యం వేరే. అంటే చదువుకోడానికి ఇంట్లో చెయ్యి చాచక్కర్లేదు, కొంచెం పంపనూ వచ్చు. ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకో: ఈ డబ్బు జీతంలా ఒకటో తారీఖున పడదు. నాలుగు నెలలది ఒకేసారి పడ్డ సందర్భాలు నాకు తెలుసు. చేతిలో మూడు నెలల ఖర్చు ఎప్పుడూ ఉంచుకో. అవార్డు లెటర్ మీద గడువు తారీఖు కూడా ఇవాళే చూసుకో, ఆలోచిస్తూ అది దాటబెట్టుకున్న తెలివైన పిల్లలున్నారు.

ఇప్పుడు మీ మావయ్య. పిడుగుల మీద చదివితే ఉద్యోగం ఎవరిస్తారని కదా అడిగాడు. 1915లో బ్రిటన్ వాతావరణ శాఖ రాబర్ట్ వాట్సన్ వాట్ అనే కుర్రాడికి ఇచ్చింది. ఆయన పనేమిటంటే, మెరుపు నుంచి వచ్చే రేడియో చప్పుడు పట్టి, ఉరుముల వాన ఏ దిక్కున ఉందో విమానాలు నడిపేవాళ్లకి చెప్పడం. మెరుపు చప్పుడు రెప్పపాటు కూడా ఉండదు కాబట్టి దాన్ని కాథోడ్ రే గొట్టం మీద చూడడం నేర్చుకున్నాడు. ఇరవై ఏళ్లు ఆ పని చేసిన మనిషే 1935 ఫిబ్రవరి 26న, డావెంట్రీలోని రేడియో ట్రాన్స్‌మిటరు తరంగాలు ఎగిరే విమానానికి తగిలి తిరిగొస్తున్నాయని చూపించాడు. బ్రిటన్‌లో రాడార్ అలా మొదలైంది. అంతకు ముందు 1895లో రష్యాలో పొపోవ్ చేసి చూపించిన రేడియో రిసీవర్ కూడా మెరుపుల్ని పసిగట్టే పరికరమే. రేడియో సైన్సుకీ పిడుగుకీ చుట్టరికం పుట్టుకతోనే ఉంది. మన పల్లెల్లో మీడియం వేవ్ రేడియో కరకరలాడితే "ఎక్కడో వాన" అనేవాళ్లు, గుర్తుందా? మీ నాన్నగారికి గుర్తుంటుంది. ఉరిమితే ఇంట్లో పెద్దవాళ్లు "అర్జున, ఫల్గుణ" అనుకుంటూ ఉంటే, మా తాత మాత్రం రేడియో చెవి దగ్గర పెట్టుకుని కరకరలు లెక్కపెట్టేవాడు. సైంటిస్టు అంటే ఆయనే అనిపిస్తుంది ఇప్పుడు.

అయితే ఇవి పాత గొప్పలు. "ఇప్పుడు చెప్పండి" అంటాడు మీ మావయ్య. ఇప్పుడు కూడా పని ఉంది. దేశంలో పిడుగుపాటుకి ఏటా 2,000 మందికి పైగా పోతున్నారు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలో 2022లో 2,887 మంది. ఎక్కువగా పొలాల్లో ఉన్నవాళ్లు, పశువులు కాసేవాళ్లు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ 'దామిని' అనే యాప్ నడుపుతోంది, మన రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ఫోన్లకి పిడుగు హెచ్చరికలు పంపుతోంది. వాటి వెనకాల ఉన్నది మెరుపు రేడియో తరంగాన్ని నాలుగైదు చోట్ల పట్టి, అందిన సమయాల్లో తేడా చూసి, పడ్డ చోటు తేల్చే లెక్క. ఆ లెక్కని ఇంకా మెరుగు చేసేవాళ్లు కావాలి. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది; అక్కడి 53 మెగాహెర్ట్జ్ రాడార్‌కి 1,024 యాంటెన్నాలు, నూటముప్ఫై మీటర్ల చదరం నిండా. ఆ వరసల మధ్య ఒక్కసారి నిలబడి చూడు, నీ నిర్ణయం సగం అక్కడే అయిపోతుంది. ముంబయిలో భూ అయస్కాంత సంస్థ, తిరువనంతపురం, అహ్మదాబాద్‌లలో అంతరిక్ష శాఖ ప్రయోగశాలలు, వాతావరణ శాఖ, హైదరాబాద్‌లో రక్షణ శాఖ ఎలక్ట్రానిక్స్ ల్యాబులు, వీటన్నిటికీ ఈ చదువుతో దారి ఉంది. మనం అయస్కాంత భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్నాం కాబట్టి సాయంత్రమయ్యేసరికి మన నెత్తిన ఐనావరణం (విద్యుదావేశం నిండిన పైగాలి పొర) అల్లకల్లోలమై జీపీఎస్ సిగ్నల్ని చెడగొడుతుంది; విమానాలకి దారి చూపే గగన్ వ్యవస్థ దానికి దిద్దుబాట్లు వేసుకోవాల్సిందే.

మంచి మాటలన్నీ చెప్పాను కాబట్టి చేదు మాట కూడా చెప్పాలి. ఇన్ని చోట్లున్నా, ఒక్కో చోట ఏడాదికి పడే పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొన్ని సంవత్సరాలు అసలు పడవు. రాష్ట్ర యూనివర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఖాళీలు ఎప్పుడు నింపుతారో ఎవరూ హామీ ఇవ్వలేరు. పీహెచ్‌డీ తర్వాత రెండు మూడేళ్లు పోస్ట్‌డాక్, అంటే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, తప్పదు, అది ఇంగ్లండ్‌లో రెడింగ్ కావచ్చు, అమెరికాలో గెయిన్స్‌విల్ కావచ్చు, ఇజ్రాయెల్‌లో టెల్ అవీవ్ కావచ్చు. పర్మినెంటు కుర్చీలో కూర్చునేసరికి నీకు 32, 33 వస్తాయి. ఈలోపు మీ ఇంట్లో సంబంధాల మాట మొదలవుతుంది. దాని మీద నాకు సలహా లేదు. ఈ అంకె మాత్రం ముందే వాళ్ల చెవిన వెయ్యి, తర్వాత "నువ్వు చెప్పలేదు" అనకుండా.

నా దృష్టిలో నువ్వు అడగాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది, దాన్ని నువ్వు అడగలేదు: మీ సార్ దగ్గర రికార్డు ఉందా?

రికార్డంటే పేపర్ల లిస్టు కాదు. తెగకుండా ఏళ్ల తరబడి నమోదైన డేటా. ఈ సబ్జెక్టులో అందరికీ తెలిసిన గీత ఒకటుంది, కార్నెగీ కర్వ్ అంటారు. కార్నెగీ అనేది ఓడ పేరు. భూమి అయస్కాంతత్వాన్ని కొలిచే పని చెడకుండా దాదాపు ఇనుము లేకుండా చెక్కతో కట్టారు. సముద్రాల మీద తిరుగుతూ గాలిలో విద్యుత్ క్షేత్రం కొలిచింది. ఏ సముద్రం మీద కొలిచినా క్షేత్రం ఒకే వేళకి పెరిగి, ఒకే వేళకి తగ్గింది. గ్రీనిచ్ టైము రాత్రి ఏడింటికి, అంటే మన అర్ధరాత్రి దాటి పన్నెండున్నరకి, ప్రపంచమంతా అత్యధికం. ఆఫ్రికాలో, అమెరికా ఖండాల్లో మధ్యాహ్నపు ఉరుములు భూమి మొత్తాన్ని బ్యాటరీలా చార్జ్ చేస్తాయన్న ఊహకి బలం అక్కడి నుంచి వచ్చింది. 1929 నవంబరులో సమోవాలోని అపియా రేవులో పెట్రోలు నింపుకుంటుండగా పేలుడు జరిగి ఆ ఓడ కాలిపోయింది, కెప్టెన్ ఆల్ట్ చనిపోయాడు. ఓడ లేకపోయినా, ఈనాటికీ కొత్త స్టేషన్ పెట్టినవాళ్లు తమ డేటాని మొదట పోల్చుకునేది ఆ గీతతోనే.

మనకి దగ్గరలోనిది ఇంకోటి. ఊటీలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల గ్రేప్స్-3 అనే ఏర్పాటు ఉంది. అది అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల కోసం కట్టింది. 2014 డిసెంబరు 1న దాని నెత్తిమీదుగా ఉరుముల మేఘం వెళ్తే, నేలకి చేరే మ్యువాన్ల (ఆ కిరణాలు గాలిని తాకితే పుట్టే కణాల) లెక్క మారింది. ఆ మార్పుని బట్టి మేఘంలో 130 కోట్ల వోల్టులు ఉన్నాయని తేల్చి 2019లో ప్రచురించారు. ఏళ్ల తరబడి రోజూ మ్యువాన్లు లెక్కపెట్టిన చోట కాబట్టే ఆ ఒక్క రోజు తేడా కనిపించింది.

కాబట్టి చేరే ముందు ఒకరోజు వెళ్లి, ల్యాబ్ కాదు, డాబా చూపించమని అడుగు. ఫీల్డ్ మిల్ (తిరిగే రెక్కతో విద్యుత్ క్షేత్రాన్ని కొలిచే పరికరం) ఉంటే రెక్క తిరుగుతోందా? మోటారు బేరింగు ఎప్పుడు మార్చారు? యాంటెన్నా కేబులుకి ఉడత కొరికిన గాట్లు ఉన్నాయా? పక్క పొలంలో బోరు మోటారు స్టార్టరు వేసినప్పుడు రికార్డులో గీత ఎలా ఉంటుందో సీనియర్ చూపించగలడా? ఆ గీతని చూడగానే "ఇది స్టార్టరు, ఇది మెరుపు" అని చెప్పగలిగితే ఆ ల్యాబ్ బతికున్నట్టు. హార్డ్‌డిస్క్‌లో ఎన్నేళ్ల డేటా ఉంది, మధ్యలో ఎన్ని ఖాళీలు, కాపీ ఇంకో చోట ఉందా అని కూడా అడుగు. మొహమాటపడకు. మంచి గైడ్ అయితే ఈ ప్రశ్నలకి ఆయన కళ్లు మెరుస్తాయి. విసుక్కుంటే నీకు జవాబు దొరికినట్టే.

సీనియర్లతో విడిగా టీ తాగు. ముందు పాసయినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు, తొలి పేపరు ఎన్నో ఏట వచ్చింది, పేపరు మీద ఎవరి పేరు ముందు పెడతారు, ఈ మూడూ వాళ్ల దగ్గరే తెలుస్తాయి. నేను రెండేళ్లు కాపలా కాసిన డేటా మీద వచ్చిన పేపరులో నా పేరు నాలుగోది. పెద్దగా గొడవ పెట్టుకోలేదు, ఇప్పుడనిపిస్తుంది, చేరిన మొదటి నెలలోనే అడగాల్సింది అని.

రిటైర్మెంటు విషయం చిన్నది కాదు. సర్వీసు మూడేళ్ల లోపు మిగిలిన గైడు కొత్త విద్యార్థిని తీసుకోకూడదని యూజీసీ నిబంధన. మీ సార్‌కి నాలుగేళ్లుంది కాబట్టి ఇప్పుడైతే కుదురుతుంది, ఏడాది తాత్సారం చేస్తే కుదరకపోవచ్చు. రిటైరయ్యాక ఆయన 70 ఏళ్లు వచ్చేదాకా కో-గైడ్‌గా ఉండొచ్చు, కానీ అసలు గైడ్ ఇంకొకరు ఉండాలి. ఆ ఇంకొకరు ఎవరో ఇప్పుడే తేలాలి, నాలుగో ఏట కాదు. రిజిస్ట్రేషన్ అప్పుడే రెండో పేరు రాయించుకో. డిపార్టుమెంటులోనే వయసులో చిన్నవాళ్లు ఉంటే మంచిది. లేకపోతే గాదంకి లాంటి చోట ఒక సైంటిస్టు అయితే ఇంకా మంచిది, డేటా కూడా కలిసొస్తుంది. "సార్, మీ తర్వాత ఈ యాంటెన్నా ఎవరు చూస్తారు?" అని మర్యాదగానే అడుగు. రిటైరయ్యే మనిషికి తన పరికరం ఏమవుతుందనే బెంగ లోపల ఉంటుంది. నువ్వు అడిగితే ఆయనకి కోపం రాదు, ధైర్యం వస్తుంది.

ఆడపిల్లవి, రాత్రుళ్లు డాబాల మీద, ఊళ్ల బయట స్టేషన్లలో ఎలా అని ఎవరో ఒకరు అంటారు. అన్నా మణి గారి సంగతి చెప్పు. కేరళ ఆవిడ. బెంగళూరులో సి.వి.రామన్ దగ్గర వజ్రాల మీద పరిశోధన చేశారు. ఎమ్మెస్సీ లేదని పీహెచ్‌డీ ఇవ్వలేదు. 1948లో వాతావరణ శాఖలో చేరి, బయటినుంచి తెప్పించుకునే దాదాపు వంద రకాల పరికరాలకి ఇక్కడే చేసుకునేలా డ్రాయింగులు సిద్ధం చేయించారు. వర్క్‌షాప్‌లోనే ఆవిడ జీవితం గడిచింది. అయితే ఆవిడ పేరు చెప్పి నీ భద్రత మాట దాటేయను. స్టేషన్ దగ్గర గది, తలుపుకి గడియ, బాత్రూమ్, తిరిగి రావడానికి బండి ఉన్నాయో లేవో డాబా చూసిన రోజే చూసుకో. లేకపోతే కావాలని అడుగు. పరికరానికి యూపీఎస్ అడిగినంత మామూలుగా అడుగు.

మీ మావయ్య చెప్పిన కోర్సుని కొట్టిపారెయ్యక్కర్లేదు. పైథాన్ నేర్చుకో, అది ఎలాగూ కావాలి. ఐదేళ్లు నిజమైన గజిబిజి సిగ్నల్‌లో యాభై హెర్ట్జ్ కరెంటు రొదని ఏరిపారేసి, లోపల ఉన్న మెరుపుని బయటికి లాగినవాళ్లకి రాడార్ కంపెనీలలో, టెలికాంలో, డేటా పనిలో చోటు దొరుకుతుంది. నా దగ్గర పనిచేసిన ఇద్దరు అటే వెళ్లారు, నాకంటే బాగా సంపాదిస్తున్నారు. అందుకని ఒక గడువు పెట్టుకో. జేఆర్ఎఫ్ నుంచి ఎస్ఆర్ఎఫ్‌కి మారే రెండో ఏడు చివర, నీ సొంత డేటా ఒక సీజన్‌ది, రాస్తున్న పేపరు ఒకటి చేతిలో ఉన్నాయా అని చూసుకో. ఉంటే ముందుకి వెళ్లు. లేకపోతే అప్పటికి నీకు 25, మావయ్యకి ఫోన్ చెయ్యడంలో సిగ్గేమీ లేదు.

నా మాట అడిగావు కాబట్టి: చేరు. డాబా బాగుంటేనే, రెండో పేరు కాగితం మీద ఉంటేనే.

ఇష్టమో, ఇష్టమనుకుంటున్నావో తెలియడానికి ఒక చిన్న పని. సార్ దగ్గర వీఎల్ఎఫ్ (అతి తక్కువ పౌనఃపున్యపు రేడియో తరంగాల) రిసీవర్ ఉంటే, రాత్రి పది దాటాక హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చో. ముందు చిటపటలు వినిపిస్తాయి. కాసేపటికి వాటి మధ్య పిట్ట కూసినట్టు ఒక కూత, పైనుంచి కిందికి జారి ఒకచోట టక్కున ఆగుతుంది. దాన్ని ట్వీక్ అంటారు. ఎక్కడో వందలు, వేల కిలోమీటర్ల దూరంలో పడ్డ మెరుపు, నేలకీ ఐనావరణానికీ మధ్య తగులుకుంటూ నీ దాకా వచ్చిన చప్పుడది. అది ఏ పౌనఃపున్యం దగ్గర ఆగిందో చూడు. 1,700 హెర్ట్జ్ అనుకో, కాంతి వేగాన్ని దానికి రెట్టింపుతో భాగిస్తే దాదాపు 88 కిలోమీటర్లు. ఆ రాత్రి నీ నెత్తిన ఐనావరణం ఎత్తు అది. ఆ లెక్క చేశాక ఇంకో కూత కోసం కూర్చోవాలనిపించిందా, ఫోన్ తీసి టైము చూసుకున్నావా?

వెళ్లేటప్పుడు నాన్నగారిని కూడా తీసుకెళ్లు. హెడ్‌ఫోన్ ఆయనకీ ఇవ్వు. డాబా మీద ఇన్సులేటరుకి సాలెగూడు ఉందో లేదో చూసి నాకు రాయి.